గాజు తలుపు దగ్గర మా నాన్న చెప్పులు విప్పేశాడు. ఈ కొత్త కళ ఎవరి కోసమండీ?

ఉప్పల్_బ్లూలైన్ · ఆదివారం, రాత్రి 9:40

నిన్న నాన్నని బంజారాహిల్స్‌లో ఒక ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లాను. పేరు చెప్పను, వాళ్ల మీద పంచాయితీ పెట్టడం నా ఉద్దేశం కాదు.

నాన్న బోర్డు ఆర్టిస్టు. చిన్నతనంలో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లకి బ్యానర్లు వేసే ఒక మాస్టర్ దగ్గర రంగులు కలిపేవాడు, గళ్లు గీసేవాడు. తర్వాత ఉప్పల్‌లో సొంతంగా ముప్పై ఏళ్లు కిరాణా బోర్డులు, స్కూలు గోడలు, ఎలక్షన్ రాతలు. ఫ్లెక్సులొచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు అరవై ఎనిమిది.

గాజు తలుపు దాకా వచ్చి చెప్పులు విప్పేశాడు. "వద్దు నాన్నా, వేసుకునే రావచ్చు" అన్నా వినలేదు. "లోపల తెల్లగుంది కదరా" అన్నాడు. గార్డు నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, కానీ నవ్వాడు. లోపల రిజిస్టర్‌లో పేరు, ఫోన్, ఈమెయిల్, ఆర్గనైజేషన్ అని గళ్లున్నాయి. ఆ చివరి గడి దగ్గర పెన్ను పట్టుకుని కాసేపు ఆగి, తన పాత కొట్టు పేరు రాశాడు, "ఆర్ట్స్, ఉప్పల్" అని, బోర్డు మీద రాసినంత గుండ్రంగా. ఆ కొట్టు మూసి పదిహేనేళ్లయింది.

ఒక్కో బొమ్మ పక్కనా అర పేజీ ఇంగ్లీషు. నేను బీటెక్, రోజూ అమెరికా వాళ్లతో కాల్స్‌లో ఉంటా, నాకే ఒక్క ముక్క ఎక్కలేదు. నాన్న "ఏం రాసిన్రురా?" అన్నాడు. "ఏం లేదు, రంగు గురించే" అని అబద్ధం చెప్పేశా.

ఒక్క బొమ్మ ముందు మాత్రం పది నిమిషాలు నిలబడ్డాడు. నిలువెత్తు కాన్వాస్, మొత్తం నీలం, ఇంకేం లేదు. గోడకి దాదాపు చెంప ఆనించి పక్క నుంచి చూశాడు. గార్డు ఉలిక్కిపడి "సార్, టచ్ చేయొద్దు" అన్నాడు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నాతో అన్నాడు: "రోలర్ కాదురా. నాలుగంగుళాల బ్రష్షు. రంగు కుడి దిక్కు చిక్కగ మొదలై ఎడమ దిక్కు పలచబడ్తుంది. ఎడమ చేతివాటం మనిషి."

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఈ కొత్త కళ మామూలు మనుషులకి అందాలా? అందకపోతే నష్టమా? మీరేమంటారు?

---

మోండా_మిర్చిబజ్జీ · ఆదివారం, రాత్రి 9:58

అరటిపండుకి టేపేసి గోడకి అతికించినోడి సంగతి మర్చిపోయిండ్రా? 2019ల మయామీల లక్షా ఇరవై వేల డాలర్లు. 2024ల న్యూయార్క్ వేలంపాటల 62 లక్షల డాలర్లు. కొన్నోడు తీరిగ్గ ఒల్చుకొని తిన్నడు. మోండా మార్కెట్‌కి రారాదె భయ్, డజను ఇప్పిస్త, టేపు నాది.

---

నల్లకుంట_పాతపుస్తకం · ఆదివారం, రాత్రి 10:31

బజ్జీ గారూ, ఆ కథలో మీరు వదిలేసిన ముక్క ఒకటుంది. వేలంపాట రోజు ఆ పండుని దగ్గర్లోని పళ్ల బండిలో 35 సెంట్లకి కొన్నారు. ఆ బండాయనకి తర్వాత ఎవరో వెళ్లి ధర చెబితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడని పత్రికల్లో వచ్చింది. నాకు ఆ కళాఖండం అక్కడే పూర్తయింది అనిపించింది. గీసినవాడు అనుకున్నాడో లేదో నాకనవసరం.

ఇక అసలు ప్రశ్న. మా తరానికి చిత్రకళ గ్యాలరీలో దొరకలేదు, పోస్టులో వచ్చింది. చందమామ అట్ట మీద వడ్డాది పాపయ్య. వారపత్రిక తెరిస్తే బాపు. మా అమ్మ ఆ అట్టల్ని చించి పెట్టెలో బట్టల కింద దాచేది. మా నాన్నగారు పూజగదిలో పెట్టిన లక్ష్మీదేవి రవివర్మ లక్ష్మి. 1894లో ఆయన బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టకపోయి ఉంటే ఆ బొమ్మలు ఏ సంస్థానాధీశుడి హాల్లోనో ఉండేవి, మన ఇళ్లలో కాదు. తర్వాత పండితులు దాన్ని క్యాలెండర్ కళ అని ఈసడించారు. ఈసడించుకోనివ్వండి.

జనానికి కళ అక్కర్లేదనేది అబద్ధం. ఇంటికి వస్తే చించి దాచుకుంటారు.

---

మాసబ్‌ట్యాంక్_మసిబొగ్గు · ఆదివారం, రాత్రి 11:12

నేను ఫైన్ ఆర్ట్స్ చదివాను, ఇప్పటికీ వేస్తున్నాను, కాబట్టి నన్ను తిట్టొచ్చు.

"అర్థం కాలేదు" అనే మాటతోనే నాకు పేచీ. మా అమ్మమ్మ సంక్రాంతికి ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు వేసేది. ఒక్క గీత, ఎక్కడ మొదలైందో ఎక్కడ కలిసిందో తెలియదు. వీధిలో వెళ్లే ఒక్కరైనా "దీని అర్థమేంటి పిన్నీ" అని అడిగారా? ఆగి చూశారు, తొక్కకుండా పక్క నుంచి నడిచారు. అంతే. మన గడప ముందు అబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్ ఎప్పటి నుంచో ఉంది. అది గాజు తలుపు వెనక్కి వెళ్లగానే అర్థం అడుగుతున్నాం.

రెండోది. పల్లెటూరి బొమ్మ వేస్తే జనానికి దగ్గరైపోతుందనుకుంటారు. చిత్రకారుడు వైకుంఠం గారి బొట్టుబిళ్లల ఆడవాళ్లు అందరికీ నచ్చుతారు, సరే. లక్ష్మాగౌడ్ గారిదీ పల్లెటూరే, ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్. ఆయన తొలినాళ్ల ఎచింగులు (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మలు) చూశారా? మేకలు, తుప్పలు, మనుషులు, ఆ కామం, ఆ కరుకుదనం. డ్రాయింగ్ రూములో పెట్టుకోవడానికి జంకుతారు. ఇద్దరూ బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఒకరు సులువు, ఒకరు కష్టం అని నేను చెప్పలేను. చూసేవాడిని ఇబ్బంది పెట్టే హక్కు ఆర్టిస్టుకి ఉండాలి. "మామూలు జనానికి అర్థమయ్యేలా వెయ్యి" అన్న మాట నాకు ఎప్పుడూ "నేను చెప్పినట్టు వెయ్యి" అన్నట్టే వినపడుతుంది.

మీ నాన్నగారికి ఆ నీలం అర్థమైంది కదండీ. నాకు మా మాస్టర్లు నాలుగేళ్లు నేర్పింది అదే, పక్క నుంచి చూడటం.

---

ఉప్పల్_బ్లూలైన్ · ఆదివారం, రాత్రి 11:20

అది నిజమే అన్నా. కానీ ఆయనకి అర్థమైంది బ్రష్షు పని. బయటికొచ్చాక "మనలాంటి పెయింటర్లకు ఏం తెలుస్తదిరా" అన్నాడు. ఆ మాట అనిపించింది ఎవరు?

---

మల్కాజిగిరి_టీచరమ్మ · సోమవారం, ఉదయం 6:15

గవర్నమెంటు స్కూలు, ఎనిమిదో తరగతి. పోయిన ఏడాది పిల్లల్ని సాలార్‌జంగ్‌కి తీసుకెళ్లాను. ముసుగు రెబెక్కా శిల్పం ముందు ఒక పిల్ల కదలదు. "మేడం, రాయి మీద ఇంత పలుచటి గుడ్డ ఎట్ల కప్పిన్రు?" గుడ్డ కూడా రాయే అని చెబితే నమ్మలేదు. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడనీ, మొదటి సాలార్‌జంగ్ 1876లో కొని తెచ్చాడనీ చెప్పాను. అదంతా దానికి పట్టలేదు. వంగి కింద నుంచి చూసింది, గుడ్డ అంచు ఎక్కడైనా లేస్తుందేమోనని.

తర్వాత గడియారం. గంట కొట్టడానికి ఆ బుల్లి గడ్డం మనిషి ఎప్పుడు బయటికొస్తాడా అని రెండొందల మంది మెడలు సాచి కూర్చున్నారు. కూలీలు, కొత్త పెళ్లిజంటలు, పక్క జిల్లాల నుంచి వచ్చిన ముసలివాళ్లు. వాళ్లని ఎవరూ "మీకు అర్థమైందా" అని అడగరు.

అదే పిల్లల్ని ఇంకోసారి మాదాపూర్ వైపు ఒక కొత్త బొమ్మల ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లాను. తెల్ల కాన్వాస్ మీద మూలన నాలుగు గీతలు. ఒకడు చాలా మర్యాదగా అడిగాడు: "మేడం, ఇది అయిపోయిందా, ఇంకా ఏస్తరా?"

నా దగ్గర జవాబు లేదు. అక్కడ చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. వాడి ప్రశ్న మంచి ప్రశ్న అని మాత్రం నాకు తెలుసు.

---

మాసబ్‌ట్యాంక్_మసిబొగ్గు · సోమవారం, ఉదయం 8:02

టీచరమ్మా, బొమ్మ వేసేవాడికి రోజూ రాత్రి నిద్ర పట్టనివ్వని ప్రశ్న అదే. వాడిని ఫైన్ ఆర్ట్స్‌కి పంపండి. (జీతం గురించి ముందే చెప్పి పంపండి.)

---

పటంకథ_సిద్దిపేట · సోమవారం, ఉదయం 10:47

టీచరమ్మ "చెప్పేవాళ్లు లేరు" అన్నది కదా, నాకు అక్కడ్నే తట్టింది.

మాది చేర్యాల దగ్గరి ఊరు. చేర్యాల పటాలు ఇప్పుడు అందరికీ తెల్సు, చిన్న ఫ్రేముల కట్టి ఎంపోరియంల అమ్ముతుండ్రు. కని అసలు పటం గోడకు తగిలిచ్చేది కాదు. ఎన్నో గజాల పొడుగుంటది. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, తెల్లమట్టి, జిగురు పట్టిచ్చి, ఎండబెట్టి, బొమ్మల ఎనుక జాగల ఎర్రరంగు నింపి నకాషీలు బొమ్మలేస్తరు. ఏసినంక అది వాళ్లది కాదు. కథ చెప్పేటోళ్లది. పద్మశాలీలకు కూనపులోళ్లు, గౌడోళ్లకు గౌడజెట్టీలు, మాదిగోళ్లకు డక్కలోళ్లు, ముదిరాజులకు కాకిపడగలోళ్లు. ఎవల పురాణం వాళ్లకు.

నేను చిన్నగున్నప్పుడు సూసిన. రాత్రి రెండు గుంజలకు పటం కట్టి, ఒక్కొక్క గడి ఇప్పుకుంట, చేతిల కర్రతోటి సూపిచ్చుకుంట పాడుతడు. ఒకడు ఎన్క నుంచి తాళం. మధ్యల జోకులు, మనూరి పటేల్ మీద గూడ. పాడుడు ఆపితే ఆ బొమ్మలు మాకు ఏం సమజ్ కావు. ఎవరు భావనాఋషో, ఎవరు రాక్షసుడో ముఖాలు గుర్తు పట్టుడే కష్టం. కని ఆయన కర్ర పెట్టంగనే పటం మొత్తం లేసి ఉరికేది.

అంటే పాత బొమ్మ గూడ ఒంటిగ జనానికి అర్థం కాలే. మనిషి పక్కన నిలబడి చెప్పిండు గనుక అయింది. మీ గ్యాలరీల కర్ర పట్టుకున్నోడు లేడు, ఆయన జాగల ఇంగ్లీషు కాయిదం అతికిచ్చిన్రు. ఖేల్ ఖతం.

---

నల్లకుంట_పాతపుస్తకం · సోమవారం, ఉదయం 11:30

పై పోస్టుని ప్రింటు తీసి పెట్టుకుంటాను.

---

మోండా_మిర్చిబజ్జీ · సోమవారం, మధ్యాహ్నం 12:05

పాతపుస్తకం సార్ ఏదన్న చించి దాస్కుంటడు, పాత అలవాటు.

జోకు పక్కనపెడితే ఖైరతాబాద్ గణేశ్ సంగతేంది? 1954ల ఒక్క అడుగు విగ్రహంతోటి మొదలైంది. 2024ల డెబ్భై అడుగులు. ఏటా రూపం మారుతది. పట్నం మొత్తం లైన్ల నిలబడి సూస్తది, ఫొటో తీస్తది, పోయినేడే బాగుండె అని వాదిస్తది. ఆఖరికి నీళ్లల్ల కలిపేస్తరు. ఇన్‌స్టలేషన్ (జాగంత నిలబెట్టే కళ) అంటే గిదే కదనే? టికెట్ లేదు, కాయిదం లేదు.

---

మాసబ్‌ట్యాంక్_మసిబొగ్గు · సోమవారం, మధ్యాహ్నం 12:40

జనం దేవుడి కోసం వస్తారు బజ్జీ, రూపం కోసం కాదు. అయినా ఒక మాట ఒప్పుకుంటా. "పోయినేడే బాగుండె" అని వాదించుకోవడం చూశావే, గ్యాలరీల్లో లేనిది అదే. అక్కడ అందరూ "చాలా బాగుంది" అంటారు, టీ తాగుతారు, వెళ్లిపోతారు.

---

మక్తా_సందు · సోమవారం, సాయంత్రం 5:18

మాది ఖైరతాబాద్ రైల్వే స్టేషన్ దగ్గర ఎం.ఎస్. మక్తా. 2016లో మా బస్తీ గోడల మీద దేశవిదేశాల ఆర్టిస్టులు వచ్చి బొమ్మలేశారు. ఆర్ట్ డిస్ట్రిక్ట్ అని పేరు పెట్టారు. గోడ మీదికి తెస్తే అందరికీ అందుతుంది అంటారు కదా, అందిన చోట ఉండే మనిషిగా చెబుతున్నా.

వేసేటప్పుడు పండగ. పిల్లలు స్కూలు ఎగ్గొట్టి డబ్బాలు మోశారు. మా అమ్మ వాళ్లకి చాయ్ పంపింది. ఎండలో నిచ్చెన మీద ఆ అమ్మాయి మూడు రోజులు మెడ ఎత్తి పని చేస్తుంటే, "గింత కష్టమా బొమ్మ అంటే" అని మొదటిసారి అనిపించింది. తర్వాత కెమెరాలు మెడలో వేసుకుని జనం వచ్చారు. పెళ్లికి ముందు ఫొటోలు, కాలేజీ పిల్లలు. గుమ్మంలో కూర్చున్న మా నానమ్మని "ఆంటీ, కొంచెం జరుగుతారా" అన్నారు, ఫ్రేములో అడ్డమని. బొమ్మకీ వాళ్లకీ మధ్య మేమే అడ్డమైపోయాం.

పక్కింటాయన గోడ మీద పెద్ద బొమ్మ ఉండేది. రెండో ఎండాకాలం దాని మధ్యలో చెక్కి కూలర్ కిటికీ పెట్టుకున్నాడు. బయట నుంచి వచ్చినవాళ్లు అయ్యో అయ్యో అన్నారు. ఆయన గోడ, ఆయన ఉక్కపోత. నాకైతే ఆ కిటికీ వచ్చాకే అది మా బస్తీ బొమ్మ అయినట్టు అనిపించింది, నవ్వుకోండి.

---

పాతబస్తీ_ఇరానీ · సోమవారం, సాయంత్రం 6:50

మక్తా భాయ్ మాట సహీ. ట్యాంక్‌బండ్ చూడండి. ఎన్టీఆర్ జమానాలో వరుసగా విగ్రహాలు పెట్టారు. అంతకన్నా అందుబాటు ఏముంది? రోజూ బస్సులో పక్క నుంచే పోతాం. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమ మిలియన్ మార్చ్‌లో వాటిలో కొన్నిటిని కూలగొట్టి హుస్సేన్‌సాగర్‌లో పడేశారు. ఎవరి బొమ్మలు పెట్టాలో ఈ పట్నం వాళ్లని అడిగారా అన్న కోపం అది. రోడ్డు మీద పెట్టినంత మాత్రాన మనది అయిపోదు.

---

మోడరేటర్ · సోమవారం, రాత్రి 7:25

ఇక్కడ ప్రాంతాల గొడవ మొదలైన ఆరు పోస్టులు తీసేశాను. పై పోస్టు విషయంలోనే ఉంది కాబట్టి ఉంచాను. కళ గురించి కొట్టుకోండి, మిగతాది వేరే చోట.

---

తెరవెనుక_నిచ్చెన · సోమవారం, రాత్రి 11:03

రెండు రోజులుగా చదువుతున్నా, రాయాలా వద్దా అని. నేను ఒక గ్యాలరీలోనే పని చేస్తాను. బొమ్మలు విప్పడం, మేకులు కొట్టడం, లెవెల్ చూడటం, లైట్లు తిప్పడం.

ప్రైవేటు గ్యాలరీ అంటే కొట్టు. బొమ్మ అమ్ముడైతే మూడో వంతు నుంచి సగం దాకా గ్యాలరీకి, మిగతాది ఆర్టిస్టుకి. అమ్ముడు కాకపోతే అద్దె, కరెంటు, నా జీతం చేతి నుంచే. టికెట్ ఉండదు, ఎవరైనా రావచ్చు, కానీ ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు. తలుపు మీద ఆ నాలుగు అక్షరాలు తెలుగులో రాస్తే పోయేదేం లేదు. నేను అడిగాను. "లుక్ పాడవుతుంది" అన్నారు.

ఆ ఇంగ్లీషు కాగితం చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం కాదు. కొనేవాళ్ల కోసం, ఢిల్లీ బొంబాయి వాళ్ల కోసం, క్యాటలాగ్ కోసం. ఆర్టిస్టుకే కొన్నిసార్లు అర్థం కాదు. ఒకాయన నా పక్కన నిలబడి తన బొమ్మ పక్కన కాగితం చదివి "ఓహో, ఇదా నేను వేసింది" అన్నాడు.

ఒకసారి తెలుగులో పెడదామని ప్రయత్నం జరిగింది. ఎవరో పెద్దాయనతో అనువాదం చేయించారు. "ద్రవ్యాత్మక స్మృతి", "స్థలసంబంధిత సంవేదన". గార్డు చదివి నాకు ఇంగ్లీషే నయం అన్నాడు. తెలుగు చేస్తే చాలు అనుకోకండి. బొమ్మ గురించి మామూలు తెలుగులో రాయగలిగేవాళ్లు కావాలి.

---

నల్లకుంట_పాతపుస్తకం · మంగళవారం, ఉదయం 7:44

ఉండేవారండీ. తుమ్మపూడి అనే పల్లెలో కూర్చుని సంజీవదేవ్ గారు రంగు గురించీ రేఖ గురించీ తెలుగులో రాశారు. దినపత్రికలో సినిమాకి రివ్యూ ఉంది, బిర్యానీకి రివ్యూ ఉంది. నగరంలో ఇన్ని ప్రదర్శనలు జరుగుతుంటే వాటి గురించి నాలుగు పేరాలకి చోటు లేదు. మనకి బొమ్మ గురించి మాట్లాడుకునే అలవాటే పోయింది, అందుకే "బాగుంది", "బాలేదు" దగ్గర ఆగిపోతున్నాం. దీనికి నేను ఆర్టిస్టులని తప్పుపట్టను.

"మనలాంటి పెయింటర్లకు ఏం తెలుస్తది" అన్న మీ నాన్నగారికి ఒక్క మాట చెప్పండి. ఎం.ఎఫ్. హుసేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్న మనిషే. ఆయన 1954లో వేసిన బొమ్మ 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో సుమారు 118 కోట్ల రూపాయలకి పోయింది.

---

ఉప్పల్_బ్లూలైన్ · మంగళవారం, రాత్రి 8:30

చెప్పాను సార్. "హుసేన్ సాబ్ సంగతి నాకు తెల్వదారా, మా మాస్టర్ రోజూ చెప్పెటోడు" అన్నాడు. తర్వాత గంటసేపు ఆపలేదు. హీరో మొహం ఒక్కటే నలభై అడుగులు వేస్తే కన్ను ఆరడుగులుంటుందట. దగ్గర్నుంచి చూస్తే వేసేవాడికి అది కన్నని తెలియదట, నల్ల గడి, తెల్ల గడి, ఎర్ర గడి. "నేను కుర్రగున్నప్పటి సంది గా నీలం బొమ్మ లెక్కనే ఏసిన. నా గడి నాది, పక్క గడి ఎవనిదో. కిందికి దిగి రోడ్డు అవతలికి పోతెనే మొగం." ఇది నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

---

తెరవెనుక_నిచ్చెన · బుధవారం, రాత్రి 10:16

బ్లూలైన్ గారూ, మీరు చెప్పిన ఆ నీలం కాన్వాస్ ఎక్కడుందో నాకు తెలుసు. దాన్ని ఎక్కించింది నేనే. ఈ రోజు ఆర్టిస్టు వస్తే అడిగాను, మీది ఎడమ చేతివాటమా అని. కాదట, కుడి చెయ్యే. ఎందుకడిగావంటే మీ నాన్నగారి మాట చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: అది వేసేటప్పుడు తలకిందులుగా పెట్టి వేశాడట, పూర్తయ్యాక తిప్పాడట. అందుకే కుంచె దారి కుడి నుంచి ఎడమకి కనిపిస్తుంది. ఆ కాగితంలో ఈ ముక్క లేదు. ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదన్నాడు.

---

ఉప్పల్_బ్లూలైన్ · బుధవారం, రాత్రి 10:52

నాన్నని నిద్ర లేపి మరీ చెప్పాను. లేచి కూర్చున్నాడు. "తలకిందులేస్తే కారిన చుక్కలు పైకి పోవాలె కదరా. నేను కింది అంచే సూసిన, పైది సూడలే." కళ్లద్దాలు వెతుక్కుంటున్నాడు, ఇప్పుడే వెళ్లేలా ఉన్నాడు.

షో ఎప్పటిదాకా? పై అంచు చూడాలంటే నిచ్చెన ఇస్తారా?

---

తెరవెనుక_నిచ్చెన · బుధవారం, రాత్రి 10:58

ఆదివారం దాకా. శనివారం పదకొండుకి రండి, నేనుంటా. నిచ్చెన నా దగ్గరే ఉంటుంది.

---

మోండా_మిర్చిబజ్జీ · బుధవారం, రాత్రి 11:01

చెప్పులు తొడుక్కొని రమ్మను భయ్. నిచ్చెన మెట్లు చల్లగుంటయి.